రెండో వేలు, మూడో వేలు

"లేవండి అత్తయ్యా. అది కాళ్ళు సరిగా లేనివాళ్ళు కూర్చునే కుర్చీ."

అత్తయ్య లేవలేదు. పొద్దున షాపు తలుపు తీయకముందే మనవరాల్ని వెంటబెట్టుకొచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషి, తలుపు తీయగానే లోపలికొచ్చి కొలతల కుర్చీలో బైఠాయించింది. ఇప్పుడు పదకొండు దాటింది. ఈలోగా ముగ్గురు బేరగాళ్ళొచ్చి, ఈవిడ వాలకం చూసి, నిలబడే పాదాల కొలతలిచ్చి వెళ్ళిపోయారు.

"వస్తానని నీ నోటితో చెప్పేదాకా లేవను. సాయంత్రం నాలుగింటికి ఆఖరు. దాటిందంటే పారేస్తారట."

షాపు నడిపే బూట్లమ్మకి తెలియకేం! పిల్లల్లేనివాళ్ళకి వైద్యం చేసే సెంటర్ నుంచి వచ్చిన ఉత్తరం తోలు కత్తిరించే బల్ల సొరుగులో వారం నుంచి పడి ఉంది.

ఐదేళ్ళ కిందట, ఆమే, అత్తయ్య కొడుకు మందుల షాపాయనా ఇంకా మొగుడూ పెళ్ళాలుగా ఉన్న రోజుల్లో, ఆ సెంటర్ ల్యాబ్‌లో ఇద్దరివీ కలిపి ఆరు పిండాలు తయారుచేశారు. రెండు ఆమె కడుపులో పెట్టారు. నిలవలేదు. తక్కిన నాలుగూ గడ్డకట్టించి దాచారు. దాచే గడువు ఐదేళ్ళు, అది ఈ రోజుతో సరి. ఇంకా దాచాలన్నా, ఎవరి కడుపులోనైనా పెట్టాలన్నా ఇద్దరూ స్వయంగా వెళ్ళి సంతకాలు చెయ్యాలి. విడాకులైనా సరే, ఇద్దరూ రావాల్సిందే. ఒకళ్ళు రాకపోయినా, వచ్చి వద్దన్నా, అంతటితో సరి.

విడాకులిచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్న మందుల షాపాయనకి ఏడాది తిరక్కుండా క్యాన్సరొచ్చింది. జబ్బు లొంగింది గానీ ఇక ఆయనకి పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చేశారు. ఆ మనిషికి ఈ భూమ్మీద మిగిలిన ఆశంతా ఆ సెంటర్ పెట్టెలోనే ఉంది. దాని తాళం బూట్లమ్మ చేతిలో ఉంది.

ఉత్తరం అందిన రోజే మేస్త్రితో అనేసిందామె. "బాబాయ్, ఆ ముసలావిడ వచ్చి నా కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకున్నాక కూడా నేను ఊఁ అనకూడదు. అప్పుడు గానీ నా కడుపు చల్లారదు."

మేస్త్రి బూట్లమ్మ నాన్న దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు, నాన్న పోయాక ఆమె దగ్గర. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని దారానికి మైనం పడుతున్నాడు. చేతులు పనిలో ఉన్నాయి గానీ చెవులు రెండూ ఇటే పడేశాడు.

"వాడు చావుదాకా వెళ్ళొచ్చాడే," అంది అత్తయ్య.

"వచ్చేశాడుగా. షాపులో కూర్చుంటున్నాడని విన్నాను. సంతోషం."

"అంత కక్షా?"

"ఇంకా ఎక్కువే. మీకు కనిపించేది ఇంతే."

"మా మీద కోపముంటే మా మీద చూపించు. పుట్టబోయేవాళ్ళేం చేశారు? వాళ్ళు నీ రక్తం కూడా కదే!"

బూట్లమ్మ చేతిలో కత్తెర ఆగింది.

"నా రక్తమా? ఇప్పుడు గుర్తొచ్చిందా? మరి ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఏమైంది అత్తయ్యా నా రక్తం?"

అత్తయ్య తల వంచుకుంది. ఆ రోజు సంగతి ఇద్దరికీ బాగా గుర్తే. ఆడపడుచు కాన్పయ్యి, తువ్వాల్లో చుట్టిన పాపని నర్సు బయటికి తెచ్చినప్పుడు బూట్లమ్మ ఆశగా చేతులు చాచింది. అత్తయ్య చటుక్కున తువ్వాలు వెనక్కి లాక్కుంది. 'నువ్వొద్దు, గొడ్రాలి చెయ్యి మంచిది కాదు' అంది. నలుగురు నర్సులూ ఇద్దరు ఆయాలూ విన్నారు. మొగుడూ విన్నాడు. విని, మంచినీళ్ళ సీసా మూత బిగించుకుంటూ నిలబడ్డాడు.

"ఏదో నోరు జారాను," అంది అత్తయ్య.

"జారలేదు. పదును పెట్టుకుని మరీ వాడారు. అయినా, కొత్త కోడలు ఒప్పుకుందా? నా గుడ్డుతో తయారైన బిడ్డని మొయ్యడానికి?"

"మోస్తానంది. దానికేం పట్టింపు లేదు."

"ఆవిడ మోస్తానంటే సరిపోయిందా? ఇస్తాననాల్సినదాన్ని నేను."

"నీకెందుకే అవి? నువ్వేమైనా చేసుకుంటావా?"

"చేసుకోను. మిమ్మల్ని చేసుకోనివ్వను. నాలుగూ నీళ్ళలో కలిసిపోతే ఆ రోజు కడుపునిండా అన్నం తింటాను."

మేస్త్రి దారం తెంపాడు. "అమ్మడూ, వాళ్ళ మీద పగ తీర్చుకో, నేనొద్దనను. వాటి మీదెందుకు?"

"అవేం మనుషులా బాబాయ్? సూదిమొనంత లేవు."

"మనుషులు కాకపోతే ఈవిడ పొద్దున్నుంచి ఎందుకేడుస్తోంది? మనుషులే అయితే నువ్వు పారేయమంటావేంటి? నాకు తెలీదు తల్లీ. నేను బూట్లు కుట్టేవాణ్ణి." అని మళ్ళీ మైనం అందుకున్నాడు.

ఆ జవాబు బూట్లమ్మకి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆలోచించడం అంతకన్నా నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే మూలనున్న తోలు ముక్కలతో ఆడుకుంటున్న పిల్ల ఏడుపు అందుకుంది.

"కాలు నొప్పి! అమ్మమ్మా, బూటు నొప్పి!"

ఆనాటి తువ్వాల్లో పాపే, ఇప్పుడు మూడున్నరేళ్ళది. ఇంట్లో అంతా బుడంకాయ్ అంటారట. పొద్దున ఆడపడుచు దాన్ని తల్లి దగ్గర దింపి ఎక్కడికో పనిమీద వెళ్ళిందట. పిల్ల మొహం చూస్తే కోడలి మనసు కరుగుతుందని ముసలావిడ తనకు తానే సలహా ఇచ్చుకుని వెంటబెట్టుకొచ్చింది. బయట ఎండ మండిపోతుంటే దాని కాళ్ళకి మందపాటి సాక్సులు, పైన బిగుతు బూట్లు.

ఎవరైనా పిల్లని ముందు మొహం చూస్తారు. ముక్కు ఎవరిది, కళ్ళు ఎవరివి అని పోలికలు వెతుకుతారు. ముసలావిడ ఆ ధైర్యంతోనే వచ్చినట్టుంది, దాని మొహం అచ్చం మేనమామ మొహమే. కానీ బూట్లమ్మ పుట్టింది బూట్లు కుట్టే ఇంట్లో. పోలియో కాళ్ళకీ, షుగరుతో పుళ్ళు పడ్డ కాళ్ళకీ, ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ కాళ్ళకీ కొలిచి బూట్లు చేసే మనిషి. ఆమె చూపు ఎవరి మీదైనా ముందు కిందికే పోతుంది.

"ఈ బూటెవరు కొన్నారు? వేళ్ళకి చోటేదీ?" అంటూ అలవాటు చొప్పున పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తియ్యకు!"

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. పొద్దున్నుంచి బతిమాలినా లేవని మనిషి, ఒక్క ఉదుటున లేచింది.

"దానికి జలుబు. కాళ్ళకి గాలి తగలకూడదు."

"జలుబు ముక్కుకి చేస్తుంది అత్తయ్యా," అంది బూట్లమ్మ, బూటు లాగేస్తూ.

సాక్సు తీసింది. అట్ట ముక్క మీద పాదం పెట్టించి, చెవి మీది పెన్సిల్ తీసి గీత మొదలుపెట్టింది. పాదం కొలతంటే ఆ ఇంటి పద్ధతి అదే. మడమ దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిప్పి, ప్రతి వేలి సందులోకీ పెన్సిల్ పోనిచ్చి రావాలి. బొటనవేలు చుట్టూ తిరిగింది, సందులోకి వెళ్ళొచ్చింది. రెండో వేలు ఎక్కింది. సందు దొరకలేదు. పెన్సిల్ నేరుగా మూడో వేలి మీదికి జారిపోయింది. పిల్లకి చక్కిలిగింతలు పుట్టి కిసుక్కున నవ్వింది.

రెండో వేలూ మూడో వేలూ గోళ్ళదాకా అతుక్కుని ఉన్నాయి.

బూట్లమ్మ రెండో సాక్సు తీసింది. అక్కడా అంతే.

తలెత్తి గోడ వంక చూసింది. గోడకి వరసగా చెక్కపాదాలు వేలాడుతున్నాయి, పాత బేరగాళ్ళ కొలతలతో చెక్కినవి. అన్నిటికన్నా పైన నాన్నది. దాని పక్కన ఆమెది. ఆ రెండు జతల్లోనూ రెండో వేలికీ మూడో వేలికీ మధ్య సందు లేదు. నాన్నకి పుట్టుకతోనే అంత, ఆమెకీ అంతే. బళ్ళో పిల్లలు బాతు అని వెక్కిరించిన నాటి నుంచి ఆమె జనం ముందు కాలు బయటపెట్టింది లేదు. అత్తారింట్లో నట్టింట్లో కూడా గుడ్డ చెప్పులు తొడుక్కునే తిరిగింది. ఆ ఇంట్లో ఆ వేళ్ళు చూసినవాళ్ళు మొగుడూ, ఒకే గదిలో మంచానపడి సేవ చేయించుకున్న అత్తయ్యా, అంతే.

మేస్త్రి కూడా లేచొచ్చాడు. పిల్ల కాళ్ళు చూశాడు, గోడ చూశాడు. చేతిలోని తోలు గుచ్చే ఆరె కింద పెట్టేశాడు.

"మా అత్తగారి వైపు ఉండేదిలే ఇలా," అంది అత్తయ్య, ఎవరూ అడక్కుండానే.

"మీ అత్తగారికి నేను రెండు జతలు కుట్టాను," అంది బూట్లమ్మ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆవిడ ఐదు వేళ్ళూ ఐదు దిక్కుల్లో ఉండేవి. మీ కాళ్ళు నాకు తెలుసు. మీ అమ్మాయి కాళ్ళు తెలుసు. మీ అల్లుడికి పెళ్ళి బూట్లు కుట్టింది మా నాన్న. వాటి అచ్చులు అదిగో ఆ అలమారలో ఉన్నాయి. తీసి చూపించనా?"

అత్తయ్య పిల్లని చంకనేసుకుంది. ఒక సాక్సు తొడిగింది, రెండోది జారి కింద పడిపోయింది.

"ఇంకెప్పుడైనా వస్తాలే. పద బుడంకాయ్, పోదాం."

"అదేంటి? నాలుగింటికి ఆఖరన్నారుగా? పదండి, నేనూ వస్తాను సెంటర్‌కి."

"వద్దు."

"ఏం?"

"వద్దులే. నీకెందుకు శ్రమ? సంతకం వద్దు, ఏం వద్దు. వాడికి నేను సర్దిచెప్పుకుంటా."

పొద్దున్నుంచి రమ్మని ఏడ్చిన మనిషి ఇప్పుడు రావద్దని ఏడుస్తోంది. బూట్లమ్మ అట్ట ముక్క మీది గీతని మడతపెట్టకుండా జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. షాపు బాబాయ్‌కి అప్పజెప్పి బయటికి నడిచింది. ఆమె వెనకాలే, పిల్లని మోసుకుంటూ, మొక్కుతూ తిడుతూ ముసలావిడ అదే బస్సెక్కింది.

సెంటర్‌లో మందుల షాపాయన రెండింటి నుంచే కూర్చుని ఉన్నాడు. జుట్టు ఇంకా పూర్తిగా రాలేదు, టోపీ పెట్టుకున్నాడు. ఆమెని చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, సంతకం పెట్టడానికొచ్చిందనుకున్నాడు.

"వచ్చావా! నాకు తెలుసు నీ మనసు..."

"నా మనసు తర్వాత," అంటూ నేరుగా రిజిస్టరు చూసే ఆవిడ బల్ల ముందు కూర్చుంది. "నావి ఎన్నున్నాయో చెప్పండి."

రిజిస్టరావిడ నోటిమాటగా చెప్పే మనిషి కాదు. అక్కడో పద్ధతుంది. పెట్టె మీది చీటీ ఒకళ్ళు పైకి చదవాలి, అదే నంబరు రిజిస్టరులో ఇంకొకళ్ళు పైకి చదవాలి. రెండు గొంతులూ కలిస్తే తప్ప ఏదీ కదలదు. ల్యాబ్ మేడమ్‌ని పిలిచింది. ల్యాబ్ మేడమ్ ఫోన్‌లో లోపలివాళ్ళతో మాట్లాడి చీటీ చదివింది. రిజిస్టరావిడ వేలు పెట్టి చదివింది. నంబర్లు కలిశాయి.

"ఉన్నవి, రెండు," అంది ల్యాబ్ మేడమ్.

"రెండు," అంది రిజిస్టరావిడ.

"నాలుగు దాచారు," అంది బూట్లమ్మ.

"దాచినవి నాలుగేనమ్మా. రెండు ఇచ్చేశారుగా. ఎవరో పిల్లల్లేని దంపతులకి దానంగా ఇస్తున్నట్టు మీరిద్దరూ సంతకాలు చేసిన కాగితం ఇదిగో. అప్పట్లో ఇంటి దగ్గర పెట్టించుకొచ్చినా ఒప్పుకునేవాళ్ళు. ఇప్పుడు కుదరదు, ఎదురుగా పెట్టాలి."

"ఎవరికిచ్చారు?"

"అది చెప్పకూడదమ్మా. మా దగ్గర నంబరే ఉంటుంది."

"తారీకు చెప్పొచ్చా?"

చెప్పింది. రిజిస్టరావిడకి అదో తారీకు, అంతే. పొద్దున పదకొండు గంటలకి ఆ రెండు పిండాలూ ఎవరి కడుపులోనో పెట్టారని కూడా చదివింది.

బూట్లమ్మ ఆ తారీకుని మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

అదే రోజు, అదే పదకొండింటికి, ఆమె నాన్నని సాగనంపుతోంది. అత్తారింటి నుంచి ఒక్కరూ రాలేదు. ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రిలో ఉన్నాం, కదల్లేం అని మొగుడు ఫోన్ చేశాడు. ఆమె ఒక్కతీ, మేస్త్రీ, నాన్న చేత బూట్లు కుట్టించుకున్న కుంటివాళ్ళు ఇరవై మందీ, అంతే. వాళ్ళంతా ఆ రోజు నాన్న కుట్టిన బూట్లతోనే వెంట నడిచారు. మొగుడు రాలేదన్న బాధకన్నా, కన్నవాడికి దగ్గరుండి ఏడ్చే తోడు లేదన్న బాధ ఆమెని ఏడాదిపాటు తినేసింది.

ఆస్పత్రిలో ఉన్నామన్న మాట మాత్రం అబద్ధం కాదు. నాన్న కాళ్ళు కాలిపోతున్న గంటలోనే నాన్న వేళ్ళని ఇక్కడ ఇంకొకరి కడుపులో పెట్టించారు.

"ఈ సంతకం నువ్వు పెట్టావా?" అని అడిగింది, మొగుడి వైపు తిరక్కుండానే.

మందుల షాపాయన టోపీ సర్దుకున్నాడు. డాక్టర్ల గీతలు చదివీ చదివీ ఎవరి చేతిరాతనైనా దించగలనని పెళ్ళైన కొత్తలో గొప్పలు పోయేవాడు. ఒకసారి సరదాకి ఆమె సంతకం కూడా పెట్టి చూపించాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

"నిన్నే. నువ్వు పెట్టావా?"

"చెల్లి కాపురం పోయేలా ఉంది," అన్నాడు చివరికి. "దానికి గుడ్లే లేవన్నారు. మొగుడు వదిలేస్తానన్నాడు. అమ్మ రోజూ ఏడుపు. నాలుగున్నాయి కదా, రెండిస్తే మనకేం పోయింది అనిపించింది."

"మనకా?"

"తప్పే. ఒప్పుకుంటున్నా."

"అడగొచ్చుగా."

"మీ నాన్న అప్పుడు చావుబతుకుల్లో ఉన్నాడు. ఎలా అడగను?"

"పోయాక అడగాల్సింది. సరిగ్గా పోయిన రోజే దొరికిందా మీకు?"

"చెల్లి ఒంటిని బట్టి డాక్టర్లు పెట్టిన రోజది. దాటితే మళ్ళీ మొదట్నుంచీ ఇంజెక్షన్లు. నేనేం చెయ్యను? అటా ఇటా అని పొద్దున్నంతా నలిగిపోయాను. తీరా అడిగితే నువ్వు కాదంటావేమోనని..."

"అవునని ఉండేదాన్నేమో!" అని అరిచింది బూట్లమ్మ. రిజిస్టరావిడ ఉలిక్కిపడింది. "నీ చెల్లెలంటే నాకు ప్రాణం. ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది అదొక్కతే. అడిగుంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు. అది కూడా మీరే తినేశారు."

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది, పిల్లని నేలమీద దించి. బూట్లమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"నా బిడ్డని తువ్వాల్లో పెట్టుకుని నన్ను గొడ్రాలన్నారా అత్తయ్యా?"

ముసలావిడ గోడకి ఆనుకుంది. ఉన్న మాటలన్నీ ఆ రోజు వరండాలోనే వాడేసింది.

పిల్ల మాత్రం ఒంటి సాక్సుతో తపతపా నడిచొచ్చి బూట్లమ్మ మోకాలి మీద చెయ్యేసింది. "నా బూట్లు కుడతావా?" అంది. బూట్లమ్మ దాన్ని ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎవరూ వద్దనలేదు. ఈసారి తువ్వాలు లాక్కునే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

గోడ గడియారం నాలుగుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. రిజిస్టరావిడ గొంతు సవరించుకుంది. ఆ కాగితం సంగతి పైవాళ్ళకి చెప్పాలనీ, ఇది చాలా దూరం పోయే వ్యవహారమనీ అంది. అంటూనే కొత్త ఫారం ముందుకు తోసింది. అందులో మూడు గళ్ళు ఉన్నాయి. 'ఇంకా దాచాలి', 'వాడుకోవచ్చు', 'వద్దు'. నాలుగు కొడితే ఖాళీ ఫారానికి కూడా 'వద్దు' అనే అర్థం.

"ఆ కాగితం నకలు నాకు కావాలి," అంది బూట్లమ్మ. "పోలీసులకి ఒకటి, కోర్టుకి ఒకటి. పిల్ల పాదం గీత నా దగ్గరే ఉంది. రక్తం పరీక్షలో తేలేదేదో తేలుతుంది."

"వదినా!"

గుమ్మంలో ఆడపడుచు. చెమటలు కక్కుతూ, నవ్వుతూ, చేతిలో పిల్ల టోపీతో.

"షాపుకెళ్తే మేస్త్రి చెప్పాడు, అందరూ ఇక్కడికొచ్చారని. వచ్చావా వదినా! నువ్వు వస్తావని నేననుకున్నా. అన్నయ్య బతికిపోయాడు." గబగబా వచ్చి బూట్లమ్మ భుజం పట్టుకుంది. "అదేంటి, అప్పుడే నీ ఒళ్ళో చేరిందా? ఎవరి దగ్గరికీ పోదు ఇది. అయ్యో, సాక్సు ఏదీ? అమ్మకి సాక్సుల పిచ్చి వదినా, స్నానానికి తప్ప తియ్యనివ్వదు. ఎవరైనా దాని వేళ్ళు చూస్తే నవ్వుతారట."

బూట్లమ్మ ఆమె మొహంలోకి చూసింది. దాపరికం ఏమైనా ఉందేమోనని వెతికింది. లేదు.

"ఈ వేళ్ళు ఎవరివి?" అని మెల్లగా అడిగింది.

ఆడపడుచు సిగ్గుపడింది. గొంతు తగ్గించి చెవిలో చెప్పింది. "నీకు చెప్పలేదు కదూ. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు దానమిచ్చారు వదినా. ఇక్కడే. ఎవరో చెప్పరట. ఆ తల్లెవరో గానీ, రోజూ పడుకోబోయే ముందు ఆమెకో దణ్ణం పెట్టుకుంటా. అన్నయ్యే తిరిగి తిరిగి ఏర్పాటు చేశాడు. అందుకే బుడంకాయ్‌కి అన్నయ్య పోలికలొచ్చాయని అమ్మ అంటుంది, చూడు, మేనమామ పుణ్యమట!"

అని నవ్వింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

బూట్లమ్మ ఈ నాలుగేళ్ళూ పగలో ఆడపడుచుని కూడా కలిపే దాచుకుంది. ఇల్లంతా ఒక్కటే అనుకుంది. తీరా చూస్తే ఈ పిచ్చిదాన్నీ మోసమే చేశారు. ఇప్పుడు దెబ్బ కొట్టాలంటే ముందు దీని మీదే పడుతుంది. పడనీ అనిపించింది. ఆ వరండా గుర్తొస్తే, నాన్న వెంట నడిచిన ఆ బూట్లన్నీ గుర్తొస్తే, ఎవరి మీద పడితేనేం అనిపించింది.

పిల్లని ఒళ్ళోంచి దించకుండానే వంగింది. కుడి బూటు లేసు కొస పట్టుకుని లాగింది. పై ముడి ఊడింది.

"అత్తా, నీక్కూడా కాలు నొప్పా?" అంది పిల్ల.

"అవునమ్మా. చాలా ఏళ్ళ నుంచి."

ఆమె ఏం చేయబోతోందో గదిలో ఇద్దరికే అర్థమైంది. కొడుకు కుర్చీలో బిగుసుకుపోయాడు. ముసలావిడ మాత్రం గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి, నేలమీద కూలబడి, రెండు చేతులతో ఆ బూటుని గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా. వద్దు."

"అమ్మా! అదేంటి, వదిన కాళ్ళు పట్టుకుంటావేంటి?" అంది ఆడపడుచు కంగారుగా.

ఎన్నాళ్ళు ఎదురుచూసింది బూట్లమ్మ ఈ ఘడియ కోసం! వంగిన ఆ నెత్తిని, బూటుని పట్టుకున్న ఆ వేళ్ళని కళ్ళారా చూసింది. కడుపు చల్లారలేదు. ఇంకాస్త మండింది.

"అత్తయ్యా, నాలుగుకి ఇంకా ఐదు నిమిషాలుంది," అంది, పెన్ను చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క మాటా విడదీసి. "మీకు రెండూ ఇవ్వను. సంతకం కావాలా, బూటు కావాలా? సంతకం పెడితే బూటు విప్పేస్తాను. బూటు ఉంచుకోమంటే పెన్ను కింద పెట్టేస్తాను, నా నోటితో ఇంకేమీ చెప్పను. మీ ఇష్టం. కొడుకు కోసం వచ్చారు, కూతురు పక్కనే ఉంది. ఎవరు కావాలో చెప్పండి."

ముసలావిడ తలెత్తి కొడుకుని చూసింది. టోపీ కింద పాలిపోయిన మొహం. 'అమ్మా' అన్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత కూతుర్ని చూసింది. కూతురు ఏమీ తెలీక, పిల్ల టోపీ చేతిలో పట్టుకుని, ఒకళ్ళ మొహం తర్వాత ఒకళ్ళ మొహం చూస్తోంది.

ముసలావిడ తల దించుకుంది. ఊడిన లేసు రెండు కొసలూ తీసుకుని, ఒకసారి తప్పి, మళ్ళీ పట్టుకుని ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి వేసింది.

బూట్లమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. గడియారం నాలుగు కొట్టింది. రిజిస్టరావిడ ఖాళీ ఫారం మీద ముద్ర వేసి పక్కన పెట్టింది.

మందుల షాపాయన లేచి నిలబడ్డాడు. టోపీ తీసి బల్లకేసి కొట్టాడు. తల్లి వంక చూసిన చూపులో కొడుకుతనం లేదు.

"కూతురే కావాల్సొచ్చిందా నీకు?" అన్నాడు. "సరే అయితే. చెల్లీ, ఇలా రా. ఆ పిల్ల వేళ్ళు ఎవరివో నేను చెప్తాను."

అప్పుడు బూట్లమ్మకి మొదటిసారి భయం వేసింది. ఒళ్ళోని పిల్ల చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూసేసింది.